పిల్లవాడి మీద కేసు పెడితే లాయర్‌ను ఎలా ఎంచుకోవాలి? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి పదిన్నరకు ఫోన్ మోగుతుంది. "మేడం, మా వాణ్ని స్టేషన్‌కి తీసుకెళ్లారట. వాడికింకా పదహారేళ్లే. ఎవరైనా మంచి లాయర్ ఉంటే చెప్పండి." పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద పెట్టిన కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు వకాలత్ వేయడం మొదలుపెట్టాక ఇలాంటి ఫోన్లు నాకు అలవాటైపోయాయి. చేసేవాళ్లకు మాత్రం అదే మొదటిసారి. ఆ గాభరాలో మనం చెప్పేది సగం కూడా తలకెక్కదు. అందుకే ఎక్కువమంది అడిగే ప్రశ్నల్నీ, నేను చెప్పే జవాబుల్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా మన దేశంలో 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం చెబుతున్నది. నియమాల్లో రాష్ట్రాన్ని బట్టి కొద్దిపాటి తేడాలుంటాయి. అబ్బాయి అని రాసినచోట అమ్మాయి అని కూడా చదువుకోండి, చట్టం ఇద్దరికీ ఒకటే.

స్టేషన్ నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది. లాయర్ దొరికేలోగా మేమేం చేయాలి?

ముందు ఇంట్లోంచి ఒక పెద్దమనిషి స్టేషన్‌కి బయల్దేరాలి. పదిమంది వెళ్లి గోల చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. వెళ్తూ పుట్టిన తేదీ ఉన్న కాగితం తీసుకెళ్లండి: పదో తరగతి మెమో, బడి ఇచ్చిన సర్టిఫికెట్, లేదంటే మున్సిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం. పిల్లల కేసులు చూసే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో అడగండి. మీ వాణ్ని ఎన్ని గంటలకు తీసుకొచ్చారో అడిగి రాసుకోండి. అక్కడి నుంచి 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, బోర్డు ముందు హాజరుపరచాలి. ఆదివారం, పండగ అని ఆపడానికి లేదు. బోర్డు కూర్చోని రోజున ఏ ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, వాడి చేత వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదు.

పిల్లవాడికి చెప్పాల్సింది ఒక్కటే మాట: "పేరు, వయసు, అడ్రస్ అడిగితే చెప్పు. జరిగినదాని గురించి లాయర్ వచ్చాకే మాట్లాడు."

ఇంకో మాట. స్టేషన్లో అడుగుపెట్టీ పెట్టగానే పిల్లవాడి చెంప పగలగొట్టి "చేశావా లేదా, నిజం చెప్పు" అని నిలదీసే తండ్రులను చాలామందిని చూశాను. పోలీసుల ముందు మన పెంపకం తప్పు కాదని చూపించుకోవాలన్న తాపత్రయం అది. ఆ దెబ్బకు భయపడి వాడేం చెప్పినా వినడానికి చుట్టూ నలుగురుంటారు, రేపు ఆ నలుగురూ సాక్షులు కావచ్చు. అడగాల్సింది తర్వాత అడగొచ్చు. అప్పటికి పక్కన నిలబడితే చాలు.

అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే న్యాయ సేవాధికార సంస్థల హెల్ప్‌లైన్ 15100కు గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ ఫోన్ చేయండి.

చిన్న కేసే, లాయర్ ఎందుకు అంటున్నారు పోలీసులు. నిజమేనా?

కేసు చిన్నదో పెద్దదో సెక్షన్లు చూస్తే తెలుస్తుంది, పోలీసుల మాటతీరును బట్టి కాదు. చట్టం పిల్లల నేరాలను మూడు రకాలు చేసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల దాకా ఉన్నవి చిన్న నేరాలు. కనీస శిక్షే ఏడేళ్లు, అంతకు పైన ఉన్నవి ఘోర నేరాలు. ఈ రెంటికీ మధ్య ఉన్నవి తీవ్ర నేరాలు. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటినా కనీస శిక్ష అంత లేకపోతే దాన్ని ఘోర నేరంగా చూడకూడదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, 2021 సవరణలో చట్టంలోనూ ఆ మాట చేర్చారు. ఇప్పటికీ కొన్నిచోట్ల "పదేళ్ల శిక్ష పడే సెక్షన్" అని చెప్పి బెదరగొడుతుంటారు. ఆ పదేళ్లు గరిష్ఠమా, కనీసమా అని అక్కడికక్కడ అడగగలిగే లాయర్ పక్కన ఉంటే సగం టెన్షన్ అప్పుడే తగ్గుతుంది.

దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. పదిహేడేళ్ల అబ్బాయి, అదే వయసు అమ్మాయి ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లారనుకోండి. రెండు ఇళ్లవాళ్లూ "పిల్లల వ్యవహారం, మాట్లాడుకుందాం" అనుకుంటారు. కానీ పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయి ఇష్టాన్ని పోక్సో చట్టం లెక్కలోకి తీసుకోదు. శారీరక సంబంధం ఉందని ఆరోపణ వస్తే ఆ చట్టంలో కనీస శిక్షే పదేళ్లు. అంటే నేరుగా ఘోర నేరాల వరుసలోకి వెళ్లిపోతుంది. ఊళ్లో పెద్దలు కూర్చుని తేల్చే వ్యవహారం కాదది.

మాకు తెలిసిన పెద్ద క్రిమినల్ లాయర్ ఉన్నారు. ఆయన సరిపోరా?

సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. పేరు చూసి మాత్రం నిర్ణయించకండి. బోర్డు అంటే ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ. అక్కడ బోను ఉండదు, ఎత్తైన వేదిక ఉండదు. ఆ గదిలో గొంతు పెంచి చేసే వాదన ఎందుకూ పనికిరాదు.

ఒకసారి బాగా పేరున్న సీనియర్ ఒకరు మామూలు కోర్టులో చెప్పినట్టే అరగంట బెయిల్ వాదన వినిపించారు. అంతా విన్న సామాజిక కార్యకర్త అడిగిన ప్రశ్న ఒక్కటే: "బాబు బయటికొస్తే ఎవరి దగ్గరుంటాడు? బడికి పంపుతారా?" ఆయన దగ్గర జవాబు లేదు. కారిడార్లో నిలబడ్డ మేనమామను అడిగుంటే తెలిసేది, అడగలేదంతే. ఆ పూట బెయిల్ రాలేదు.

పిల్లల కేసులు చేసే లాయర్‌కు సెక్షన్లతోపాటు ఇంకొన్ని తెలియాలి. ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చి చూసి సామాజిక పరిశోధన నివేదిక రాస్తారనీ, దానికి చట్టం రెండు వారాలే గడువిచ్చిందనీ, బోర్డు ఆ నివేదికను ఎంత శ్రద్ధగా చదువుతుందో తెలియాలి. కౌన్సెలింగ్‌కు ఎక్కడికి పంపాలి, ఆగిపోయిన చదువు మళ్లీ ఎలా మొదలుపెట్టించాలి అన్నది కూడా ఇక్కడ లాయర్ పనే. మీ సీనియర్ గారు ఇవన్నీ చేసే మనిషైతే ఆయన్నే పెట్టుకోండి. లేదా ఆయన జూనియర్లలో బోర్డుకు తరచూ వచ్చేవారు ఎవరో ఆయన్నే అడగండి. మంచి సీనియర్లు దీనికేమీ నొచ్చుకోరు.

అలాంటి లాయర్ ఎక్కడ దొరుకుతారు?

బోర్డు కూర్చునే రోజు వెళ్లి ఒక పూట అక్కడ ఉండండి. లోపలికి రానివ్వరు, విచారణ బహిరంగంగా జరగదు. బయట బెంచీ మీద కూర్చుంటే చాలు. ఏ లాయర్ పిల్లవాడి పక్కన కూర్చుని మాట్లాడుతున్నారో, ఎవరు కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతున్నారో ఒక్క గంటలో అర్థమైపోతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర ఉచితంగా కేసు చూసే ప్యానెల్ లాయర్ల జాబితా ఉంటుంది. పిల్లల హక్కుల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, లా కాలేజీల్లోని న్యాయ సహాయ కేంద్రాలు కూడా పేర్లు చెబుతాయి. అంతకుముందు ఇలాంటి కేసు పడ్డ కుటుంబం తెలిసి ఉంటే వాళ్ల మాటకు ఇంకా ఎక్కువ విలువ. కాకపోతే ఇలాంటివి ఎవరూ బయటికి చెప్పుకోరు.

ఇంటర్నెట్‌లో "నంబర్ వన్ జువెనైల్ లాయర్, బెయిల్ గ్యారంటీ" అని కనబడితే అక్కడే ఆగండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. సొంత వృత్తి నియమాన్నే లెక్కచేయని మనిషి మీ వాడి విషయంలో ఏ నియమం పాటిస్తాడు? స్టేషన్ గుమ్మం దగ్గర ఎదురొచ్చి "నేను మాట్లాడి పెడతా" అనే మధ్యవర్తుల సంగతీ అంతే. వకాలత్ మీద సంతకం పెట్టే ముందు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడగండి, అది నిజమో కాదో రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో కనుక్కోవచ్చు.

మాకు డబ్బుంది. అయినా ఉచిత లాయర్‌ను ఇస్తారా?

ఇస్తారు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఆదాయ పరిమితి ఉన్న మాట నిజమే గానీ పిల్లలకు అది వర్తించదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఎవరైనా అర్హులే. లాయర్ లేకుండా పిల్లవాడు వచ్చాడంటే న్యాయ సహాయం అందేలా చూసే బాధ్యతను చట్టం బోర్డు మీదే పెట్టింది. అంటే మీరు అడుక్కోవాల్సిన సాయం కాదిది.

"ఉచితం కదా, సరిగ్గా చేస్తారా?" అన్నది అసలు అనుమానం. నేను చూసినంతలో, వారం వారం బోర్డుకు వచ్చే ప్యానెల్ లాయర్‌కు అక్కడి పద్ధతి, ప్రొబేషన్ అధికారి, కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే హోమ్ సిబ్బంది అందరూ తెలిసి ఉంటారు. భారీ ఫీజు తీసుకుని మొదటిసారి ఆ గడప తొక్కిన లాయర్ కన్నా చాలాసార్లు వాళ్లే నయం. పని ఎక్కువై మీ కేసుకు సమయం ఇవ్వలేని ప్యానెల్ లాయర్లు కూడా ఉంటారు. అప్పుడు సంస్థకు అర్జీ పెట్టి మార్చమని అడగవచ్చు.

మొదటిసారి కలిసినప్పుడు లాయర్‌ను ఏమడగాలి?

"గెలుస్తారా?" అని మాత్రం అడగకండి. గెలుస్తానన్న మనిషి అబద్ధం చెప్పినట్టు, ఏమో అన్న మనిషి మీకు నచ్చనట్టు అవుతుంది. బోర్డు ముందు ఇప్పటిదాకా ఎలాంటి కేసులు చేశారు, వాయిదాకు మీరే వస్తారా, జూనియర్‌ను పంపుతారా, మా వాణ్ని ఎప్పుడు కలుస్తారు అని అడగండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం చివరి ప్రశ్న. "కలవాల్సిన పనేముంది, కాగితాలు ఇవ్వండి చాలు" అన్నారంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆ గదిలో కూర్చున్నప్పుడు లాయర్ ఎవరి వైపు చూసి మాట్లాడుతున్నారో కూడా గమనించండి. పిల్లవాడు ఎదురుగా ఉండగానే వాడు లేనట్టు మీతో మాట్లాడేవారు, రేపు బోర్డులో కూడా వాడు లేనట్టే మాట్లాడతారు.

ఫీజు కట్టేది మేము. మమ్మల్ని బయట కూర్చోబెట్టి పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడతానంటున్నారు. ఇదేం పద్ధతి?

సరైన పద్ధతే. నాతో ఎక్కువమంది తల్లిదండ్రులు గొడవపడేది ఇక్కడే. డబ్బు ఎవరిదైనా కక్షిదారు పిల్లవాడే. మీ ముందు వాడు చెప్పేది మీకు చెప్పదలుచుకున్నది మాత్రమే. అమ్మ ఏడుస్తుందనో, నాన్న కొడతాడనో, ఫ్రెండ్ పేరు బయటపెడితే బాగోదనో సగం మింగేస్తాడు. ఆ మింగిన సగంలోనే కేసు ఉంటుంది. తలుపు వేశాక "ఆ రోజు నేనక్కడ లేనే లేను, వేరే చోట ఉన్నా, అది నాన్నకు తెలిస్తే చంపేస్తాడు" అన్న పిల్లలు నాకు ఒకరిద్దరు కాదు. దొంగతనం కేసు నుంచి వాణ్ని బయటపడేసే నిజం ఉంది, ఇంట్లో తిట్లకు భయపడి దాచుకున్నాడు.

లాయర్‌కు చెప్పిన మాటకు చట్టపరమైన రక్షణ ఉంది. వాడి అనుమతి లేకుండా మీక్కూడా చెప్పరు. "ఏమన్నాడు?" అని బయటికి రాగానే లాయర్‌ను పీక్కుతినకండి. దారిలో వాణ్ని కూడా అడగకండి.

కొన్ని కేసుల్లో మీ ప్రయోజనం, వాడి ప్రయోజనం రెండు దారులవుతాయి. అందరికీ తెలిసిన ఉదాహరణ బండి. లైసెన్స్ లేని పిల్లవాడు బండి నడిపి యాక్సిడెంట్ చేస్తే 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం తండ్రి లేదా బండి యజమాని కూడా నిందితులే. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. తనకు తెలియకుండా బండి తీశాడని నిరూపించుకుంటే తండ్రి బయటపడతాడు. నాన్నే తాళం ఇచ్చాడన్నది పిల్లవాడి నిజం కావచ్చు. ఈ ఇద్దరికీ ఒకే లాయర్ ఎలా న్యాయం చేయగలరు? ఇలాంటప్పుడు మీకు వేరే లాయర్‌ను పెట్టుకోండి. అది మీ లాయరే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

ముగ్గురు పిల్లల్ని కలిపి పట్టుకున్నారు. ముగ్గురికీ ఒక లాయర్‌ను పెట్టి ఖర్చు పంచుకోవచ్చా?

మొదటి రోజు బెయిల్ వరకు నడిచిపోవచ్చు. ఆ తర్వాత "మొబైల్ లాక్కున్నది వాడు, నేను పక్కన నిలబడ్డానంతే" అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. అప్పటికి లాయర్ ముగ్గురి రహస్యాలూ విని ఉంటారు, ఎవరి పక్షానా గట్టిగా నిలబడలేరు. విడివిడిగా పెట్టుకోవడమే మంచిది. పెద్దవాళ్లతో కలిపి కేసు పెట్టినా పిల్లవాడి విచారణ వేరుగా బోర్డులోనే జరగాలి, వాళ్లతో కలిపి విచారించకూడదని చట్టంలోనే ఉంది. పెద్ద నిందితుడి లాయర్ "మీ వాడి కేసు కూడా నేనే ఉచితంగా చూస్తా" అని వస్తే జాగ్రత్త. మైనర్ కదా, వాడి మీదకు తోసేస్తే శిక్ష తక్కువ అన్న లెక్క చాలాసార్లు ఆ ఉచితం వెనకే ఉంటుంది.

ఫీజు గురించి ముందే మాట్లాడితే బాగుండదేమో?

ముందే మాట్లాడకపోతేనే బాగుండదు. వాయిదాకు ఇంతా, కేసు మొత్తానికి ఇంతా, అప్పీలుకు వేరేనా అన్నది కాగితం మీద రాయించుకుని రసీదు తీసుకోండి. కేసు గెలిస్తేనే ఇంత అన్న ఒప్పందం లాయర్ల నియమాలకు విరుద్ధం. "పైన ఇవ్వాలి" అన్న మాట వినబడితే ఆ గది నుంచి లేచి వచ్చేయండి.

ఆధార్ ప్రకారం పద్దెనిమిది దాటింది, బడి రికార్డులో దాటలేదు. ఏది చెల్లుతుంది?

చట్టంలోని 94వ సెక్షన్ వరుస చెప్పింది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష లాంటి వైద్య పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు. చూడాల్సింది నేరం జరిగిందంటున్న రోజు వయసు. పట్టుకున్న నాటి వయసు కాదు. ఆ రోజుకు పద్దెనిమిది నిండకపోతే, ఇప్పుడు ఇరవై ఏళ్లున్నా బోర్డుకే వెళ్లాలి. మైనర్ అన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిసిపోయాక కూడా లేవనెత్తవచ్చు. కింది హద్దు కూడా ఉంది. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వాళ్లకు చేసినదాని పర్యవసానం తెలిసే పరిణతి లేకపోతే అప్పుడూ నేరం కాదు.

బడిలో చేర్చేటప్పుడు ఏడాది ఎక్కువ వేసి రాయించిన ఇళ్లు మనకు కొత్త కాదు. అలా జరిగి ఉంటే లాయర్‌కు మొదటి రోజే చెప్పండి. కొత్త సర్టిఫికెట్ పుట్టించే ఆలోచన మాత్రం చేయకండి. అది పట్టుబడితే పిల్లవాడి కేసు పక్కకు పోయి మీ మీద కేసు మొదలవుతుంది.

బెయిల్ వస్తుందా? జామీను ఇచ్చేవాళ్లు లేరు.

పిల్లల విషయంలో బెయిల్ ఇవ్వడమే నియమం, నిరాకరించాలంటేనే కారణం కావాలి. నేరం బెయిల్ ఇచ్చేదా, ఇవ్వరానిదా అన్న తేడా కూడా ఇక్కడ లేదు. విడిస్తే తెలిసిన నేరస్థులతో కలుస్తాడనో, వాడికి నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదమనో, న్యాయానికి విఘాతమనో నమ్మడానికి ఆధారాలుండాలి. ఆ కారణాలను బోర్డు రాతపూర్వకంగా నమోదు చేయాలి. పూచీకత్తు లేకుండా కూడా విడవొచ్చు, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో పెట్టి పంపొచ్చు. బెయిల్ ఇచ్చి ఏడు రోజులైనా షరతులు తీర్చలేక పిల్లవాడు హోమ్‌లోనే ఉండిపోతే, షరతులు మార్చడానికి వాణ్ని మళ్లీ బోర్డు ముందుకు తేవాలి. ఈ ఏడు రోజుల సంగతి తెలియని లాయర్ల వల్ల జామీనుదారు దొరక్క నెలలు గడిపిన పిల్లలున్నారు.

ముందస్తు బెయిల్ సంగతి అడిగేవాళ్లకు: పిల్లలకు అది వర్తిస్తుందా లేదా అన్నదానిపై హైకోర్టులు వేర్వేరుగా చెప్పాయి. మీ హైకోర్టు ఏమందో మీ లాయర్‌ను అడగాలి.

మా వాడికి పదహారు దాటాయి. పెద్దవాళ్ల కోర్టుకు పంపుతారంటున్నారు.

ఘోర నేరం ఆరోపణ, ఆ రోజుకు పదహారేళ్లు నిండి ఉండటం, రెండూ ఉంటేనే ఆ ప్రశ్న వస్తుంది. అప్పుడు బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది: ఆ పని చేయగల మానసిక, శారీరక సామర్థ్యం వాడికి ఉందా, దాని ఫలితం తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగింది. చేశాడా లేదా అన్నది ఈ దశలో తేల్చరు. దీని తర్వాత పిల్లల కోర్టుకు, అంటే పిల్లల కేసులకు కేటాయించిన సెషన్స్ స్థాయి కోర్టుకు, పంపవచ్చు, అక్కడా వాణ్ని పెద్దవాడిగా విచారించాలా వద్దా అని మరోసారి ఆలోచిస్తారు.

మొత్తం కేసులో లాయర్ అవసరం అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే. చాలామంది దీన్ని ఒక లాంఛనంలా వదిలేస్తారు. మానసిక నిపుణుడు పావుగంట మాట్లాడి అరపేజీ రాస్తే, దాని మీద పిల్లవాడి మిగతా జీవితం ఆధారపడుతుంది. బోర్డులో పిల్లల మనస్తత్వ శాస్త్రంలోనో మానసిక వైద్యంలోనో పట్టా ఉన్న సభ్యులు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నివేదిక ప్రతి మీ లాయర్ అడిగి తీసుకోవాలి, అభ్యంతరాలుంటే చెప్పడానికి సమయం అడగాలి. బడి టీచర్ల మాటలు, పాత వైద్య చీటీలు, చదువులో ఇబ్బందులు ఉంటే వాటి వివరాలు అన్నీ ఇప్పుడే ఇవ్వాలి. "ఆరో తరగతిలో తలకు దెబ్బ తగిలింది" అన్న మాట ఒక తల్లి నాకు అంచనా అయిపోయాక చెప్పింది. ఆమెది తప్పు కాదు, అడగాల్సింది నేను.

ఏ దారిన వెళ్లినా, నేరం చేసినప్పుడు పద్దెనిమిది నిండనివాడికి మరణశిక్ష గానీ, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం గానీ వేయకూడదు.

ఒప్పేసుకుంటే మందలించి పంపేస్తారట. ఒప్పుకోమందామా?

ఈ సలహా కారిడార్లో ఉచితంగా దొరుకుతుంది. చిన్న కేసుల్లో బోర్డు మందలించో, కౌన్సెలింగ్‌కో సమాజ సేవకో పంపో విడిచిపెట్టే మాట నిజమే. తప్పు తేలిన పిల్లల్ని ఉంచే ప్రత్యేక గృహానికి పంపినా గరిష్ఠంగా మూడేళ్లే. కానీ చేయని పని చేశానని పిల్లవాడి చేత అనిపించడం వేరు. ఏ కేసు, ఏ ఆధారాలు, ఒప్పుకుంటే ఏం జరుగుతుంది, లేకపోతే ఏం జరుగుతుంది అన్నది లాయర్ వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. విన్నాక నిర్ణయం వాడిది. వాయిదాలు తిరగలేక మీరు విసిగిపోయారన్నది ఒప్పుకోవడానికి కారణం కాదు.

హోమ్‌లో ఉన్నాడు. లాయర్ అక్కడికి రావాలా?

రావాలి. వాయిదా రోజు బోర్డు వరండాలో ఐదు నిమిషాలు మాట్లాడితే సరిపోదు. అక్కడ ఎలా ఉన్నాడు, ఎవరైనా కొడుతున్నారా, నిద్ర పడుతోందా అన్నవి కూడా లాయర్ అడగాలి.

కేసు ఎన్నాళ్లు నడుస్తుంది?

మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ పూర్తి కావాలి, కారణం రాసి మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరమైతే ఆ పొడిగింపులోనూ పూర్తికాకపోతే కేసు మూసేయాల్సిందే. అలా గడువు దాటి నడుస్తున్న చిన్న కేసులు ఇంకా ఉన్నాయి. అడిగేవాళ్లు లేక నడుస్తున్నాయంతే. మీ లాయర్‌కు ఆ తేదీ గుర్తు చేయండి.

పేపర్లో పేరు వస్తుందా? రేపు ఉద్యోగానికి అడ్డమా?

పేరు, ఫోటో, బడి, చిరునామా ఏదీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మీడియాకే కాదు, "మావాడికి అన్యాయం జరిగింది" అని ఫోటో పెట్టి వాట్సాప్‌లో తిప్పే బంధువులకు కూడా. ఎక్కడైనా పేరు వచ్చిందంటే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి లాయర్‌కు పంపండి.

నేరం రుజువైనా దానివల్ల వచ్చే అనర్హతలు పిల్లలకు వర్తించవు, అప్పీలు గడువు, నియమాల్లో చెప్పిన కాలం ముగిశాక రికార్డులు ధ్వంసం చేయాలి. పదహారు దాటి పిల్లల కోర్టులో పెద్దవాళ్లలా విచారణ జరిగి దోషిగా తేలినవారికి ఈ రక్షణ లేదు. బాల్యంలోని కేసును చూపి ఉద్యోగం నిరాకరించడం తగదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. దరఖాస్తులో "మీపై కేసులున్నాయా" అన్న గడి దగ్గర ఏం రాయాలో మాత్రం ఎవరినో అడక్కండి, కేసు చేసిన లాయర్‌నే అడగండి.

లాయర్ ఫోన్ ఎత్తడం లేదు. మధ్యలో మార్చొచ్చా?

మార్చొచ్చు. అభ్యంతరం లేదని పాత లాయర్ చేత రాయించుకుని కొత్త లాయర్ చేత వకాలత్ వేయించాలి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు ఆపుకునే హక్కు లాయర్‌కు లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్ ఎత్తకపోవడం ఒక్కటే కారణమైతే ఒకసారి ఆగి ఆలోచించండి. పగలంతా కోర్టులో ఉండేవాళ్లు సాయంత్రం ఎత్తొచ్చు. రెండు వాయిదాలకు వరసగా ఎవరూ రాకపోతే, పిల్లవాణ్ని ఒక్కసారైనా కలవకపోతే, ఆలస్యం చేయకండి. మార్చే ముందు వాడికి చెప్పండి. అప్పటిదాకా కడుపులో మాట ఒకరికి చెప్పుకున్నాడు, ఇంకొకరికి మళ్లీ మొదటినుంచి చెప్పాలంటే వాడికి కష్టం.

బోర్డు మాకు వ్యతిరేకంగా చెబితే?

ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ముప్పై రోజుల్లో పిల్లల కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. పెద్దవాడిగా విచారించాలన్న ప్రాథమిక అంచనా మీద కూడా అప్పీలు ఉంది. ఆ ఉత్తర్వు సరైనదో కాదో చూడమని హైకోర్టును అడిగే రివిజన్ దారి కూడా ఉంది. ఈ ముప్పై రోజుల్లో వారం రోజులు ఏడుపులకే, ఇంకో వారం ఎవరి సలహా వినాలా అన్న తర్జనభర్జనకే పోతుంది. అందుకే ఉత్తర్వు చదివిన రోజే, అక్కడి నుంచి కదలకముందే ధ్రువీకరించిన ప్రతికి దరఖాస్తు పెట్టించండి.